గంధం రంగు ఫొటో

ఈ సంగతి నేను చెప్పడం ఇది మొదటిసారి కాదు. మా సంఘ పెద్దలకు చెప్పాను. అయ్యగారికి, అంటే అప్పటి మా పాస్టరు గారికి చెప్పాను. ఆయన బదిలీ అయ్యాక వచ్చిన అయ్యగారికీ చెప్పాను. పెళ్ళిళ్ళలో, చావుల్లో, ఆత్మకూరు బస్టాండులో కలిసిన మా ఊరి మనుషులందరికీ చెప్పాను. అందరూ ఒకే రకంగా విన్నారు. కాసేపు తల ఊపుతారు, "అయిపోయింది గదా, ఇంకెందుకు" అంటారు, బస్సొచ్చిందని లేస్తారు. నోటితో చెప్పినంత కాలం ఒక్కరూ పట్టించుకోలేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

ఇది తొంభైల చివర్లో జరిగింది. ఆత్మకూరు నుంచి ఉదయగిరి పోయే దారిలో మాదొక చిన్న ఊరు. పేరు రాయను. రాస్తే ఊరి పరువు తీశానని ఇంకో నింద వేస్తారు, ఉన్నది చాలు. ఊళ్ళో సగం మందిమి చర్చికి పోతాం. తాతల కాలంలో కట్టిన రాతి కట్టడం, పడమటి ముఖం, ముందు నాలుగు మెట్లు, పక్కన కానుగ చెట్టు. కట్టినప్పటి నుంచీ దానికి సున్నమే కొట్టారు. మా నాయన అక్కడ డీకను, అంటే సంఘ పరిచారకుడు. ప్రతి నెలా మొదటి ఆదివారం, ప్రభువు జ్ఞాపకంగా రొట్టె పంచే బల్ల ఆరాధనలో, రొట్టె పళ్ళెం పట్టుకుని వరసల మధ్య నడిచేవాడు. కంది, సజ్జ వేసుకునే మనిషికి ఊళ్ళో ఉన్న గౌరవం అదొక్కటే. ఆయన దాన్ని ఎంత జాగ్రత్తగా చూసుకునేవాడంటే, ఆ ఆదివారం వేసుకునే చొక్కా మిగతా రోజుల్లో వేసుకునేవాడు కాదు.

నేను అప్పుడు ఆత్మకూరులో ఒక డీటీపీ సెంటరులో పనిచేసేవాణ్ణి. పెళ్ళి కార్డులు, కరపత్రాలు, చనిపోయినవాళ్ళ ఫొటోలు. మా ఓనరు మద్రాసు నుంచి స్కానరు తెచ్చాక, ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేరు ఒకటి కంప్యూటరులో ఎక్కించాడు. అది నాకు ఎవరూ నేర్పలేదు. కరెంటు ఉన్నప్పుడు నేర్చుకున్నాను, లేనప్పుడు దాన్ని గురించి ఆలోచించాను. మొదట్లో చనిపోయినవాళ్ళకు కోటు తొడిగేవాణ్ణి. తరువాత చేజర్ల నుంచి ఒక రైతు కొత్తగా కట్టుకున్న ఇంటి ఫొటో తెచ్చి, "దీనికి ఆకుపచ్చ వేస్తే ఎట్టుంటాదో చూపించు, ఇంట్లో ఆమె నమ్మడం లేదు" అన్నాడు. చూపించాను. ఆమె నమ్మింది. అప్పటి నుంచి ఇళ్ళకు రంగులేసేముందు మా దగ్గరికి రావడం మొదలుపెట్టారు.

ఇదేదో ఆట అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. మా సంఘ కార్యదర్శి అందులో మొదటివాడు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు, నాకు ఏడో తరగతిలో లెక్కలు చెప్పాడు. క్లాసు ముందర నిలబెట్టి, "వీడు పనికొచ్చే పని వీడి నాయన దగ్గర కూడా లేదు" అన్నాడు. అది నేను మర్చిపోలేదు. ఆయన మర్చిపోయాడని తెలుసు.

కంప్యూటరులో గోడకు రంగు మార్చడమంటే డబ్బాతో కుమ్మరించడం కాదు. డబ్బా బొమ్మ ఒకటి ఉంటుంది, దాన్ని ఎంచుకుని గోడ మీద నొక్కితే గోడంతా ఒకే రంగవుతుంది. కానీ అప్పుడది గోడ కాదు, కత్తిరించి అంటించిన రంగు కాగితం. నిజమైన గోడ ఏ రెండు జానల మేర కూడా ఒకే రంగులో ఉండదు. చూరు కింద నీడ ఉంటుంది. వాన నీళ్ళు జారిన చారలు ఉంటాయి. పెచ్చులూడిన చోట రాయి కనిపిస్తుంది. ఇవన్నీ కొత్త రంగులోంచి కూడా కనిపించాలి. అందుకని నేను గోడ అంచు వెంబడి ఒక్కొక్క చుక్కా పెట్టుకుంటూ గీత గీసేవాణ్ణి. తలుపులు, కిటికీలు, గోడకు అడ్డంగా వచ్చిన కొమ్మలు వదిలేయాలి. ఆకుల సందుల్లో కనిపించే గోడ ముక్కల్ని మాత్రం వదలకూడదు. అక్కడ తెల్ల చుక్కలు మిగిలిపోతే, చూసినవాడికి తప్పెక్కడుందో తెలియకపోయినా ఏదో తప్పుందని తెలిసిపోతుంది. రంగును తిన్నగా ఫొటో మీద వేయకూడదు. ఫొటో పైన గాజు పలక పరిచినట్టు ఇంకో పొర ఉంటుంది, దాని మీద వేయాలి. ఆ పొరను కింది ఫొటోలో కలిసిపోయేట్టు మార్చాలి. అప్పుడు నీడలు నీడలుగానే, చారలు చారలుగానే నిలుస్తాయి. అంతటితో కూడా అయిపోదు. రంగు గోడ తన రంగును పక్కనున్న వాటి మీదికి కొంచెం విసురుతుంది. మెట్ల మీద, చూరు అడుగున ఆ ఛాయ పడుతుంది. అది లేకపోతే గోడ ఒకచోట, మెట్లు ఇంకోచోట ఉన్నట్టుంటుంది. ఇంత పనీ నేను చేస్తే, మా సంఘంలో ఒక పెద్దాయన ఫొటో చూసి, "మంచి కెమెరా" అన్నాడు.

మా చర్చికి రంగు వేయాలనుకున్నప్పుడు గొడవ మొదలైంది. ఆడవాళ్ళు ఆకాశం రంగు కావాలన్నారు. పెద్దలు గంధం రంగు అన్నారు. కొంతమంది సున్నమే మేలన్నారు. మూడు ఆదివారాలు ఆరాధన అయ్యాక ఇదే మాట. చివరికి మా నాయన లేచి, "మావాడు ఫొటోలో రంగులేసి చూపిస్తాడు. చూసినాక చేతులెత్తండి" అన్నాడు. మా నాయన ఆ చర్చిలో ప్రార్థన కాకుండా లేచి మాట్లాడింది అదొక్కసారే.

ఫొటో ఉదయం తీద్దామన్నాను. ఉదయం ముఖభాగం నీడలో ఉంటుంది, గోడ అసలు రంగు తెలుస్తుంది. కార్యదర్శి ఒప్పుకోలేదు.

"నీడలో తీస్తే చావు ఇల్లు మాదిరి ఉంటాది. సాయంత్రం ఎండ పడేటప్పుడు తియ్యి."

"ఎండ పడితే రంగు మారిపోతాది సార్."

"మారితే బాగుంటాది గదరా. దేవుని ఇల్లు వెలగాల గదా."

సాయంత్రమే తీశాం. తీసేముందు పెద్దలంతా మెట్ల మీద నిలబడ్డారు. పక్కకు జరగమని చెప్పడానికే సగం ఎండ పోయింది. ఫొటోలో సున్నపు గోడ తేనె పూసినట్టు వచ్చింది.

దాని మీద ఆకాశం రంగు ఒకటి, గంధం రంగు ఒకటి చేశాను. మూడోది సున్నం వేసిన గోడ ఎలా ఉందో అలాగే. గంధం రంగు ఫొటోలో గోడ మామూలు గంధం కంటే పసుపుగా కనిపించింది. అలాగే కనిపించాలి. సాయంత్రం ఎండలో గంధం రంగు గోడను ఎవరైనా చూడండి, అలాగే ఉంటుంది. నేను చేసింది నిజమైన గోడ, నిజమైన ఎండలో. అందులో తప్పు లేదు, ఇప్పటికీ లేదు.

కానీ పని చేసే మేస్త్రి ఆ ఫొటో చూసి రంగు కలుపుతాడని నాకు తెలుసు. అందుకని ఆత్మకూరులో రంగుల షాపు నుంచి గంధం రంగు సిమెంటు పెయింటు చిన్న పొట్లం తెచ్చి, ఒక సిమెంటు పలక మీద పూసి, ఆరబెట్టాను. తడిగా ఉన్నప్పుడు చూస్తే మోసపోతాం, ఆరితేగాని అసలు రంగు రాదు. ఆరిన పలకను గుమ్మం నీడలో పెట్టుకుని, దానికి సరిపోయేదాకా ఒక చదరం ముక్కను మళ్ళీ మళ్ళీ ప్రింటు తీశాను. స్క్రీను మీద రంగు వేరు, కాగితం మీద వేరు. చివరికి పలక, చదరం ఒక్కటైపోయాయి. ఆ చదరాన్ని ఫొటో కింద తెల్ల అంచులో పెట్టి, దాని పక్కన ఇలా అచ్చు వేశాను: "వేయవలసిన రంగు ఇదే. పైన గోడ మీద కనిపించేది ఎండ కలిసిన రంగు. గోడను చూసి కలపవద్దు."

ఆదివారం మూడు ఫొటోలూ చూపించారు. గంధానికి చేతులు లేచాయి. ఆడవాళ్ళలో కూడా చాలామంది ఎత్తారు. మా నాయన వెనక్కి తిరిగి నా వైపు చూశాడు. బయటికొచ్చాక కార్యదర్శి చేతిలో ఫొటో పెట్టి, నేనే చెప్పాను.

"సార్, మేస్త్రిని కింద చదరం చూసి కలపమనండి. గోడ చూసి కాదు."

"రాసినావు గదరా. చదువుకుంటాడు."

"ఆయనకు చదువు రాకపోతే?"

"నేను చదివి చెప్తాను. ముప్పై ఏళ్ళు పిలకాయలకు చదివి చెప్పినోణ్ణి, ఒక మేస్త్రికి చెప్పలేనా?"

ఈ మాటలు విన్నవాళ్ళు ఉన్నారు. ఇప్పుడు అడిగితే ఎవరికీ గుర్తు లేదు.

మా వైపు ఒక కాగితానికి మర్యాద ఇవ్వాలంటే దానికి ఫ్రేము కట్టిస్తారు. బాప్తిస్మం సర్టిఫికెట్టుకు కట్టిస్తారు, పదో తరగతి మార్కులకు కట్టిస్తారు, ఎవరో ఎమ్మెల్యే పంపిన శుభాకాంక్షలకు కట్టిస్తారు. అద్దం లేకపోతే అది గోడకెక్కదు, గోడకెక్కకపోతే దానికి విలువ లేదు. చర్చి ఫొటో కదా, మామూలుగా ఎందుకుంచుతారు. కార్యదర్శి, ఇంకో ఇద్దరు డీకన్లు, ముగ్గురూ ఆత్మకూరు వచ్చి ఫ్రేము కట్టించుకుని పోయారు. నేను పనిచేసే షాపు ముందు నుంచే నడిచి పోయుంటారు. నన్ను పిలవలేదు.

ఆ రోజుల్లో ఎలక్షన్లు దగ్గరికొచ్చాయి. మా సెంటరులో కరపత్రాల పని ఊపిరి తీసుకోనివ్వలేదు. ఊరికి పోవడానికి కుదరలేదు. పని జరిగేటప్పుడు నువ్వు పక్కన ఉండాల్సిందని తరువాత కొందరు అన్నారు. పని మొదలైందని నాకు చెప్పింది ఎవరు? ఆత్మకూరుకు రోజూ ఎంతోమంది వస్తారు. ఒక్కడి నోటైనా కబురు పంపలేదు.

ఒక సాయంత్రం ఉదయగిరి బస్సు దిగాను. ఎండ పడమటి నుంచి చర్చి మీద పడుతోంది. రోడ్డు మీద నిలబడిపోయాను. చర్చి పసుపుగా ఉంది. గంధం కాదు, తేనె కాదు, పసుపు. ఆ ఎలక్షన్లలో పోటీ చేసే ఒక పార్టీ జెండా ఏ పసుపో, సరిగ్గా ఆ పసుపు.

ఏం జరిగిందో అక్కడే అర్థమైంది. ఫొటోలో గోడ రంగులో ఒకసారి ఎండ కలిసింది. మేస్త్రి ఆ రంగునే డబ్బాలో కలిపాడు. ఇప్పుడు దాని మీద మళ్ళీ ఎండ పడుతోంది. ఒకే ఎండ రెండుసార్లు.

టీ బంకు దగ్గర కూర్చున్నవాళ్ళు నన్ను చూసి నవ్వారు.

"ఏంది సామీ, మీ చర్చిలో మీటింగెప్పుడు?"

"మైకు సెట్టు మాదేనయ్యా, ఇంకెవరికీ ఇయ్యబాకండి."

"గుర్తొకటి వేయించుంటే సరిపోయేది గదా, అదొక్కటే తక్కువ."

మా నాయన ఏ పార్టీకి ఓటు వేస్తాడో ఊరందరికీ తెలుసు. ఆయన దాచుకోలేదు. ఆ పార్టీ ఇదే. ఇంక వేరే చెప్పాలా.

మరుసటి ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరూ ఇంటికి పోలేదు. ఇంకో పార్టీవైపున్న కుటుంబాలవాళ్ళు మెట్ల మీద నిలబడి, ఈ రంగు తీసేదాకా చర్చిలోకి రామన్నారు. కార్యదర్శి వెంట ఫ్రేము కట్టించడానికి పోయిన డీకన్లలో ఒకాయన గట్టిగా అన్నాడు. "తండ్రి ఓటేసేది ఆ పార్టీకి. కొడుకు చేతిలో కంప్యూటరు. ఇంకా అడగాల్సిందేముండాది?"

మేస్త్రిని పిలిపించారు. ఆయన ఆత్మకూరు మనిషి, మా చర్చివాడు కాదు, ఆయనకు ఈ గొడవ ఏ కోశానా పట్టదు. "అద్దంలో ఫొటో పెట్టి చూపించినారు. దాంట్లో గోడ ఎట్టుండాదో అట్ట వచ్చేదాకా పసుపు కలిపినా. నాకు చూపించింది అదే గదా" అన్నాడు.

"కింద చదరం చూడలేదా?" అన్నాను.

"ఏ చదరం?" అన్నాడు.

నేను కార్యదర్శి వైపు చూశాను. ఆయన కానుగ చెట్టు వైపు చూస్తున్నాడు. ఆ ఒక్క నిమిషంలో ఆయన నోరు తెరిచి, "పిలగాడు చెప్పినాడు, చదరం చూసి కలపమన్నాడు, రాసి కూడా ఇచ్చినాడు" అని ఉంటే అక్కడితో అయిపోయేది. తెరవలేదు. ముప్పై ఏళ్ళు పిలకాయలకు చదివి చెప్పిన నోరు.

మా నాయన ముందుకొచ్చాడు. వచ్చి అన్నాడు: "ఓటు నా ఇష్టం. దేవుని గోడకు దాన్ని పూసేంత ఎర్రోణ్ణి కాదు నేను."

 నమ్మామని చెప్పలేదు, నమ్మలేదని చెప్పలేదు. చెప్పులేసుకుని పోయారు.

ఇంటికి నడుస్తుంటే, సజ్జ చేను గట్టు దగ్గర ఆగి మా నాయన నన్ను అడిగాడు.

"ఒక మాట అడుగుతా, కోపం చేసుకోబాక. నువ్వు కావాలని చేయలేదు గదా?"

నా మీద వేసిన నిందలన్నీ ఒక లెక్క, ఆ ప్రశ్న ఒక లెక్క. ఆ మనిషి జీవితంలో నన్ను అనుమానించలేదు. పక్కింటి కోళ్ళు పోయినప్పుడు కూడా, ఊరంతా నన్ను అంటే, "మావాడు కాదు" అన్నవాడు. ఆయన నోట ఆ మాట వచ్చేట్టు చేసిందెవరో వాళ్ళు, చర్చికి రంగు చెడగొట్టినందుకు కాదు, ఆ మాటకు నాకు బాకీ ఉన్నారు. "లేదు నాయనా" అన్నాను. "సరే" అన్నాడు. నమ్మాడనే అనుకుంటున్నాను. కానీ అడిగాడు కదా. అడిగినదాన్ని అడగనట్టు చేయలేం.

ఆ తరువాతి బల్ల ఆరాధనలో రొట్టె పళ్ళెం ఇంకొకరి చేతిలో ఉంది. తీసేస్తున్నామని మా నాయనకు చెప్పినవాళ్ళు లేరు. ఆయన ఆ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, ముందు వరసలో కూర్చున్నాడు. పళ్ళెం తన ముందుకు వచ్చినప్పుడు అందరిలాగే ఒక ముక్క తీసుకున్నాడు. ఆ తరువాతి ఆదివారం నుంచి చివరి బెంచీలో కూర్చోవడం మొదలుపెట్టాడు.

ఎలక్షన్లకు ముందే చర్చికి మళ్ళీ సున్నం కొట్టించారు. అదే మేస్త్రి కొట్టాడు. ఆయనకు శాలువా కప్పారు. కప్పనీ, ఆయన తప్పేముంది. కానీ ఆ రోజు అయ్యగారు ప్రసంగంలో, "మన మధ్య వచ్చిన కలత తొలగిపోయింది" అన్నారు. ఎవరి వల్ల వచ్చిందో చెప్పలేదు. చెప్పకపోతే అందరి తలలూ ఎటు తిరుగుతాయో ఆయనకు తెలియదా? తిరిగాయి. చివరి బెంచీ వైపు.

నేను ఆ ఫ్రేము చూడాలని అడిగాను. కొన్నాళ్ళు తాళం లేదన్నారు, కొన్నాళ్ళు ఎక్కడుందో తెలియదన్నారు. ఒకరోజు అయ్యగారి గది ఊడ్చే ఆమె బీరువా వెనక నుంచి తీసి ఇచ్చింది. అద్దం మీద దుమ్ము తుడిచి చూశాను. చదరం లేదు. నేను రాసిన వాక్యాలు లేవు. ఫొటో కింద తెల్ల అంచును బ్లేడుతో కోసేశారు. కోత కొంచెం వంకరగా పోయింది. ఎడమవైపు చదరం పైభాగం గడ్డిపోచంత మిగిలింది. దాని పక్కన, అంచు వెంబడి, మొదటి వరస అక్షరాల తలకట్లు మాత్రం నిలిచి ఉన్నాయి. కింద అక్షరాలు లేవు, తలకట్లే ఉన్నాయి. వాటిని చూసి ఏం రాసి ఉందో ఎవరూ చదవలేరు. కానీ అక్కడ ఏదో రాసి ఉండేదని చూసిన ఎవరైనా చెప్పగలరు.

దాన్ని కార్యదర్శి ఇంటికి తీసుకుపోయి చూపించాను.

"ఇదేంది సార్?"

కళ్ళజోడు పెట్టుకున్నాడు, తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. "ఏదో గీత మాదిరి ఉండాది."

"గీత కాదు. నా రాత. మీరు చదివి చెప్తానన్న రాత."

"అద్దంలో పెట్టినాక నాకేం కనపడుతుందిరా? ఫ్రేములో ఏముంటే అదే మేస్త్రికి చూపించినా."

"మరి ఫ్రేములో లేకుండా పోయిందెట్ట?"

"నాకెట్ట తెలుస్తాది? ఫ్రేము వాణ్ణి అడుగు. నేనప్పుడు బస్టాండులో టీ తాగతా ఉన్నా."

ఫ్రేములు కట్టేవాడి దగ్గరికి పోయాను. ఆత్మకూరు బస్టాండు ఎదురుగానే ఉంటాడు. తలకట్లు చూడగానే నవ్వాడు.

"గుర్తులేకేం. ఫొటో పొడుగైంది, వాళ్ళు తెచ్చుకున్న ఫ్రేము పొట్టిదైంది. పెద్ద ఫ్రేము చేస్తానంటే వద్దన్నారు. కింద తెల్లది కోసెయ్యి, అదేదో డీటీపీ షాపు అడ్వర్టైజుమెంటు, దేవుని ఫొటోకి అదెందుకు అన్నాడొకాయన."

"ఎవరు?"

"మీ వాళ్ళే. ముగ్గురొచ్చినారు."

"అన్నదెవరు? కళ్ళజోడు ఉన్నాయనా?"

"ముగ్గురికీ కళ్ళజోళ్ళే. ముగ్గురివీ తెల్ల చొక్కాలే. ఒకరన్నారు, మిగతావాళ్ళు ఊ అన్నారు. నేను బ్లేడు చూస్తానా, మొహాలు చూస్తానా?"

ముగ్గురొచ్చారని ఆయన అన్నాడు. టీ తాగుతూ ఉన్నానని కార్యదర్శి అన్నాడు. మిగతా ఇద్దరినీ అడిగాను. ఒకాయన తాను ఆ రోజు ఆత్మకూరే రాలేదన్నాడు. మా నాయనను అందరి ముందు అన్న డీకను అయితే, "ఇంకా దాన్ని పట్టుకుని ఊగలాడతావేందిరా, పెళ్ళాం పిలకాయల్ని చూసుకోరాదా" అన్నాడు. ఆ అక్షరాల్ని అడ్వర్టైజుమెంటు అనుకున్న మనిషి, ఒక్క వాక్యం చదివి ఉంటే తెలిసేది అందులో షాపు పేరే లేదని. మూడు వాక్యాలు. ముగ్గురు మనుషులు, ముగ్గురికీ కళ్ళజోళ్ళు. ఒక్కరూ చదవలేదు.

కొత్తగా వచ్చిన అయ్యగారు మంచివారు. నన్ను కూర్చోబెట్టి, టీ ఇప్పించి, విన్నారు. చివరికి, "క్షమించేయ్ బాబూ" అన్నారు.

"ఎవర్నయ్యా?"

"ఎవరైతేనేం. ముగ్గురినీ క్షమించు."

"ముగ్గురిలో కోయమన్నది ఒకరే. మిగతావాళ్ళు కోయమనలేదు గదయ్యా. చేయనోళ్ళని క్షమిస్తే, వాళ్ళే చేసినారని నేను ఊరికి చెప్పినట్టు. మా నాయనకు చేసింది అదే గదా."

ఆయన టీ గ్లాసు తిప్పుతూ కూర్చున్నారు. ప్రార్థన చేద్దామన్నారు. చేశాం. ప్రార్థనలో కూడా ఆయన ముగ్గురి పేర్లూ ఎత్తలేదు.

నేను ఆ పని మానలేదు. మా దగ్గరికి ఇంకా ఇళ్ళ ఫొటోలు తెస్తారు, నేను ఇంకా రంగులు వేస్తాను. ఇప్పుడు ఎండలో తీసిన ఫొటో తెస్తే తీసుకోను, తిరిగి పంపించేస్తాను. గిరాకీ పోతుందని మా ఓనరు గొణుగుతాడు. పోనీ అంటాను.

నన్ను అన్నవన్నీ నేను మోయగలను. కానీ మా నాయన ఇంకా ప్రతి ఆదివారం చర్చికి పోతాడు. ఇంకా చివరి బెంచీలోనే కూర్చుంటాడు. రొట్టె పళ్ళెం చివరికి వచ్చేసరికి ముక్కలు చిన్నవైపోతాయి. ఆయన ఒక ముక్క తీసుకుని, తల వంచుకుంటాడు. కొత్తగా పెళ్ళై వచ్చిన కోడళ్ళకు కూడా ఎవరో చెప్తారు, ఆ ముసలాయనే అప్పట్లో చర్చికి పార్టీ రంగు పూయించింది అని. నవ్వుతూనే చెప్తారు. నవ్వుతూ చెప్పినా అది అదే.

మీరు ముగ్గురూ బతికే ఉన్నారు. ముగ్గురూ ముందు వరసలోనే కూర్చుంటారు. మీ దగ్గర నేను ఇంకేమీ అడగడం లేదు. శాలువా వద్దు, పొగడ్త వద్దు. ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక, జనం లేవకముందే, మీలో ఒకరు లేచి నిలబడాలి. ఫొటోలో తప్పు లేదని, ఏ రంగు వేయాలో కింద రాసే ఉందని, దాన్ని కోయమన్నది తానేనని చెప్పాలి. చివరి బెంచీ దాకా వినబడేట్టు చెప్పాలి. మా నాయనకు ఎడమ చెవి సరిగా వినబడదు, కుడివైపు నుంచి చెప్పండి.

ఇన్నాళ్ళూ మీరు ఒకరి మొహం ఒకరు చూసుకుని ఊరుకున్నారు. ఇంక నా మొహం చూసి జవాబు చెప్పండి. ఆ ముక్క కోయమన్నది ముగ్గురిలో ఎవరు?